కంపించు పంపు – హద్దు నియమములు

విసనకఱ్ఱను గాలిలో ఊపుట సులభము. దానినే తొట్టి నీటిలో ముంచి ఊపి చూడుడు, చేయి బరువెక్కును. విసనకఱ్ఱ బరువు పెరుగలేదు. దానితోపాటు కొంత నీటిని కూడ కదలింపవలసి వచ్చినది. పొర కంపించుటచే పనిచేయు పంపులలోను జరుగునది ఇదియే.

1993 లో స్వీడన్ దేశపు ఎరిక్ స్టెమ్మె, యోరాన్ స్టెమ్మె అనువారు కవాటములు లేని అట్టి పంపు నొకదానిని వర్ణించిరి. అందొక చిన్న గది, దాని కొక పలుచని పొర కలవు. పొరకు అంటించిన బిళ్ళ విద్యుత్తుచే దానిని పైకిని క్రిందికిని ఆడించును. నీరు వచ్చు దారియు, పోవు దారియు ప్రవాహ దిశలో క్రమముగా వెడల్పగును. ఆ దిశలో నీటికి అడ్డు తక్కువ. ఎదురు దిశలో ఎక్కువ. కనుక ఒక్కొక్క కంపనమునకు కొంచెము నీరు ముందుకు సాగును.

ఇట్టి పంపును చేయుటకు ముందు దాని పనిని కంప్యూటరుపై లెక్కించి చూతురు. నీటి చలనమునకును, పొర వంపునకును సమీకరణములు కలవు. కాని అవి మాత్రమే చాలవు. అంచులయందు ఏమి జరుగునో మనమే చెప్పవలెను. ఇవియే హద్దు నియమములు.

కదలని గోడవద్ద నీటి వేగము సున్న. పొర బిగింపబడిన అంచున కదలికయు, వంపు వాలును సున్న. ఇవి తేలిక.

నీరును పొరయు కలియు తలమున రెండు నియమములు కావలెను. పొర వేగమే అచ్చటి నీటి వేగము. పొర నీటిని ఎంత బలముతో నెట్టునో, నీరును పొరను అంత బలముతోనే నెట్టును. పొర కదలికను ముందుగానే నిర్ణయించి యిచ్చినచో రెండవ నియమము జారిపోవును. నీటి భారము పొరకు తెలియదు.

ఆ భార మెంతటిది? 1920 లో హోరేస్ లాంబ్ నీటిని తాకియుండు గుండ్రని పలక కంపనములను లెక్కించెను. ఆ లెక్క ననుసరించి, అంచు బిగించిన 10 మి.మీ. వ్యాసార్ధము, 0.2 మి.మీ. మందము గల ఇత్తడి పలక సహజ కంపనములు గాలిలో సెకనుకు సుమారు 3400; ఒక ప్రక్క విస్తారమైన నీరున్నచో సుమారు 1500 మాత్రమే. గాలి లెక్కను నమ్మి పంపును నడిపినచో పొర సరిగా ఊగదు.

ఇక దారుల కొసలు. అచ్చట ప్రవాహ వేగము నీయరాదు. మనము కనుగొన దలచినది అదియే కదా! పీడనము నీయవలెను. రెండు కొసలను వేగమే యిచ్చినచో మరియొక చిక్కు కలదు. నీరు దాదాపు నొక్కుకొనదు. లోనికి వచ్చిన నీటికిని, బయటికి పోయిన నీటికిని, పొర ఊపున మారిన గది పరిమాణమునకును పొత్తు కుదరనిచో సమీకరణములకు సాధనయే లేదు. కుదిరినను పీడనపు మట్టము తేలదు.

నియమములు సరియైనవో కావో పరీక్షించుటకు ఒక ఉపాయము కలదు. నీరు పోవు కొసను పీడనము కొంచెము పెంచి మరల లెక్కింపుడు. నిజమైన పంపులో అప్పుడు ప్రవాహము తగ్గును. లెక్కలో తగ్గనిచో ఆ ప్రవాహమును పంపు ఇచ్చుట లేదు, మనమే ఇచ్చితిమి.