పొడవాటి ఫ్రెంచి మాట – పలికే బాట

ఫ్రెంచి అనగానే కాన్వెంటు చదువుల వాళ్లకే వచ్చే భాష అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. మన ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మనదే. కొత్త భాషలో పొడవాటి మాట ఎదురైతే ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. క్లాసులో అందరూ నవ్వుతారేమోనని నోరు విప్పం. ఆ భయం పోవాలంటే మాటను ముక్కలుగా విడగొట్టడం నేర్చుకోవాలి. పద్యపాదాన్ని గురులఘువులుగా విడగొట్టిన మనకు ఇది కొత్త పనేమీ కాదు.

1. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో కలుస్తుంది, మన గుణింతంలాగే. జంతువును ఫ్రెంచిలో 'ఆ-ని-మల్' అంటారు.

2. రెండు హల్లులుంటే చెరో పక్కకు పోతాయి. ధన్యవాదాలకు 'మెర్-సి'. రెండో హల్లు ర, ల అయితే చాలావరకు ఆ జంట విడిపోదు. క్లాసులోని నల్లబల్ల 'తా-బ్లో'.

3. మాట చివరి హల్లు చాలాసార్లు పలకదు. రాసేది పారిస్, పలికేది పారీ.

4. ముక్క చివర న, మ ఉంటే అవి విడిగా వినపడవు, ముందున్న అచ్చు ముక్కులోంచి పలుకుతుంది. దీనికి మన అరసున్న చక్కగా సరిపోతుంది. రెస్టారెంటు 'రెస్-తో-రాఁ'.

ఇందులో మనకు ఒక లాభం ఉంది. ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్లలా ట, డ అనరు. మన త, ద లాగే పలుకుతారు. ఇంగ్లీషులోలాగా ఏదో ఒక ముక్కను గట్టిగా నొక్కరు. అన్నీ సమానంగా పలికి, చివరిదాన్ని కొంచెం సాగదీస్తారు.

ఇప్పుడు ఫ్రెంచిలో అతి పొడవైనదిగా తరచూ చెప్పుకునే మాటను చూద్దాం. దానిలో 25 అక్షరాలున్నాయి. పలికితే 8 ముక్కలే:

ఆఁ-తి-కోఁస్-తి-తు-స్యో-నెల్-మాఁ

'తు' దగ్గర పెదవులు 'ఊ' అన్నట్టు చుట్టి 'ఈ' అనాలి. మొత్తం ఒకేసారి రాకపోతే చివరి నుంచి కట్టుకుంటూ రావాలి. ముందు 'మాఁ', తర్వాత 'నెల్‌మాఁ', ఆపైన 'స్యోనెల్‌మాఁ'. ఇలా ఒక్కో ముక్క ముందు చేర్చుకుంటూ పోతే మాట తనంతట తానే నోటికి వస్తుంది.

దాని అర్థం 'రాజ్యాంగ విరుద్ధంగా' అని. మనల్ని ఈ హాస్టళ్ల దాకా, ఈ చదువుల దాకా తెచ్చిన రాజ్యాంగమనే మాటే దాని నడుమ ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ రాత్రి స్టడీ అవరులో పదిసార్లు పైకి పలకండి. ఏ భాషలోనైనా పెద్ద మాటంటే కొన్ని చిన్న ముక్కలే.