సాక్సోఫోన్ మీద మన మాట

అమెరికా జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్ప 2004లో ‘మదర్ టంగ్’ ఆల్బం తెచ్చారు. అందులో కన్నడ, గుజరాతీ, తమిళం పేర్లతో పాటు ‘తెలుగు’ పేరుతోనూ ఒక రచన ఉంది. పిల్లలకు సంగీతం నేర్పిస్తున్న మన ఇళ్లన్నిటిలో ఈ ఆల్బం మోగాలని నా కోరిక.

రుద్రేశ్ 1971లో ఇటలీలో పుట్టి, కొలరాడోలో పెరిగారు. తల్లిదండ్రులు భారతీయులు. చార్లీ పార్కర్ సాక్సోఫోన్ వాదన ఆయన్ను జాజ్ వైపు లాగింది. చదువుకునే రోజుల్లో అన్న ఆటపట్టించడానికి ఒక ఆల్బం చేతిలో పెట్టారు. అది కద్రి గోపాల్‌నాథ్‌ది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని మనసు పారేసుకుని, దాని మీద కర్ణాటక గమకాలు పలికించిన విద్వాంసుడాయన. వేళాకోళంగా వచ్చిన ఆ కానుకే రుద్రేశ్‌కు దారి చూపింది. 1990లలో వచ్చిన తొలి ఆల్బంకు ‘యాత్ర’ అని పేరు పెట్టుకున్నారు. 2008లో అదే కద్రితో కలిసి ‘కిన్స్‌మెన్’ చేశారు.

“మీరు ఇండియన్ మాట్లాడతారా?” అని అడిగేవాళ్లు పరాయి దేశంలో ఉంటున్న మనందరికీ ఎదురవుతారు. ‘మదర్ టంగ్’ కోసం రుద్రేశ్ ఇలాంటి ప్రశ్నకే మనవాళ్ల చేత వాళ్ల వాళ్ల భాషల్లో జవాబు చెప్పించి రికార్డు చేశారు. గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ దిగుతోంది అన్నది స్వరాలుగా రాసుకుని, వాటి మీద రచనలు కట్టారు.

మా వేములవాడ మాటకూ అలాంటి నడక ఉంది. ఫోన్లో నాయినమ్మ “మంచిగున్నవా బిడ్డా?” అంటే మొదటి మాట చకచకా దొర్లిపోతుంది, ‘బిడ్డా’ దగ్గర గొంతు సాగుతుంది. రాజన్న గుడిలో కోడె మొక్కుకు నిలబడ్డవాళ్ల మాట ఒక తీరు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) చప్పుడును మించి పిలిచే పిలుపు ఇంకో తీరు.

భాషలు పక్కపక్కన బతకడం మన నేలకు కొత్త కాదు. వేములవాడ చాళుక్యుల కాలంలో, 10వ శతాబ్దంలో, కన్నడ కవి పంప తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. ఆ బండ అక్షరాన్ని కాపాడింది. గొంతును కాపాడే పని మనది.

అందుకే ఒక మనవి. సెలవులకు ఊరికి వెళ్లే పిల్లలు అమ్మమ్మల, తాతల మాటలు రికార్డు చేసుకుని రావాలి. సాక్సోఫోన్, వయొలిన్, పియానో, ఏది నేర్చుకుంటున్నా దాని మీద ఆ మాటల్లో ఒక్క వాక్యాన్ని వాయించి చూడాలి. వచ్చే వేడుకల్లో సినిమా పాటలతో పాటు ఆ ప్రయత్నాలకూ వేదిక మీద చోటిద్దాం. తెలుగు చదవడం రాని బిడ్డకు కూడా ఆ పలుకు మీద పూర్తి హక్కుంది.