టోక్యో కాంక్రీటు, హైదరాబాద్ లక్ష రూపాయలు

జపాన్‌లో ఆధునిక భవన నిర్మాణ చరిత్ర 1868తో మొదలవుతుంది. ఆ ఏడాది మెయిజీ చక్రవర్తి పాలన వచ్చింది. పాశ్చాత్య విద్యలను వీలైనంత త్వరగా నేర్చుకోవాలని కొత్త ప్రభుత్వం పట్టుబట్టింది. అప్పటిదాకా అక్కడ ఇల్లంటే కర్రతో కట్టిందే. బరువంతా స్తంభాలు, దూలాలే మోసేవి. గోడలకు మోసే పని లేదు కాబట్టి చాలాచోట్ల వాటికి బదులు పక్కకు జరిగే కాగితపు తలుపులు ఉండేవి. ఇటుక మీద ఇటుక పేర్చి అంతస్తులు లేపడం వాళ్లు అంతవరకు ఎరగని పని.

ఆ పని నేర్పడానికి 1877లో జొసాయా కాండర్ అనే ఇంగ్లిష్ యువకుణ్ని టోక్యో ఇంజినీరింగ్ కళాశాలకు రప్పించారు. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. విదేశీ అతిథుల విందుల కోసం 1883లో రొకుమెయికాన్ అనే భవనాన్ని కట్టింది అతనే. అతని తొలి శిష్యుల్లో ఒకరైన తత్సునో కింగో 1896లో బ్యాంక్ ఆఫ్ జపాన్‌ను, 1914లో టోక్యో రైల్వే స్టేషన్‌ను పూర్తి చేశాడు. గురువు చూపిన దారిని శిష్యులు ఎంత శ్రద్ధగా పట్టుకున్నారంటే, ఆనాటి టోక్యో ప్రధాన వీధుల్లో కొన్ని లండన్‌ను తలపించేవి.

అయితే లండన్ కింద నేల కదలదు. 1891 అక్టోబరులో నోబి భూకంపం వచ్చినప్పుడు కొత్త ఇటుక కట్టడాలు చాలా కుప్పకూలాయి. 1923 సెప్టెంబరు 1న మధ్యాహ్నం కావస్తుండగా వచ్చిన కాంటో భూకంపం, దాని వెంట లేచిన మంటలు కలిసి లక్షమందికి పైగా ప్రాణాలు తీశాయి. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇంపీరియల్ హోటల్‌కు ప్రారంభోత్సవం సరిగ్గా ఆ రోజే. హోటల్ నిలబడింది, రైట్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. నిజానికి ఆనాడు నిలబడిన భవనాలు వేరేవీ ఉన్నాయి. ఇంజినీరు నైతో తచూ లెక్కలు కట్టిన ఇండస్ట్రియల్ బ్యాంక్ భవనం దెబ్బతినకుండా బయటపడింది. ఉక్కు చట్రానికి కాంక్రీటు తొడిగి, మధ్యలో అడ్డుగోడలు నిలిపి, భూమి పక్కకు ఊపినా తట్టుకునేలా దాన్ని కట్టారు. ఆ తర్వాతి జపాన్‌కు బాట వేసింది ఈ లెక్కలేనని ఒప్పుకోవాలి. భవనం తన బరువులో పదోవంతు బలాన్ని అడ్డంగా తట్టుకోవాలన్న నిబంధన 1924లో వచ్చింది. కాలక్రమంలో అది ఇంకా కఠినమై 1981 నాటి కొత్త నియమావళిగా మారింది.

అదే 1923లో మంజీర నది మీద, నేటి కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్‌కు చేరువలో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిజాంసాగర్ పని మొదలైంది. రాతి కట్టడంగా లేచిన ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. దక్కన్ గట్టినేల మీద రాయి చాలు. టోక్యోలో మాత్రం ఇనుము, సిమెంటు కలవక తప్పలేదు.

ఇంపీరియల్ హోటల్ పని కోసం రైట్ వెంట వచ్చినవారిలో ఆంటోనిన్ రేమండ్ ఒకరు. 1888లో బొహీమియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈయన త్వరలోనే రైట్‌ను వదిలి టోక్యోలో సొంత కార్యాలయం పెట్టుకున్నాడు. 1920ల నడుమ రెయినన్‌జాకాలో తన కోసం కట్టుకున్న ఇంటికి గిలాబు వేయలేదు, రంగు పూయలేదు. సెంట్రింగ్ చెక్కల గీతలు కనిపించే పచ్చి కాంక్రీటునే గోడగా వదిలేశాడు. ప్రపంచంలో అలాంటి ఇళ్లు అప్పటికి చాలా అరుదు. పాత జపాన్ ఇళ్లలో కర్రకు రంగు వేసేవారు కాదు, దేని స్వభావం దానికే అందమని నమ్మేవారు. రేమండ్ ఆ నమ్మకాన్ని కాంక్రీటుకు వర్తింపజేశాడు. పారిస్‌లో లె కార్బూజియె దగ్గర పనిచేసి వచ్చిన కునియో మయెకావా, ఆ తర్వాత పేరు తెచ్చుకున్న జున్‌జో యొషిమురా ఈ కార్యాలయంలోనే చేయి తిరిగినవారయ్యారు.

తెలుగువారికి ఈ కథతో సంబంధం కలిసేది ఇక్కడే. 1930ల్లో పుదుచ్చేరిలోని అరవింద ఆశ్రమం సాధకుల కోసం ఒక వసతి గృహం కట్టదలచింది. నమూనా తయారు చేసే బాధ్యత టోక్యోలోని రేమండ్‌కు వెళ్లింది. డబ్బు హైదరాబాద్ నుంచి వచ్చింది. నిజాం కొలువులో దివానుగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ అరవిందుల మీద భక్తి ఉన్నవాడు. ఆయన చొరవతో అందిన విరాళం లక్ష రూపాయలు. అందుకు గుర్తుగా భవనానికి గోల్కొండ పేరే ఫ్రెంచి ఉచ్చారణలో పెట్టారు.

రేమండ్ కార్యాలయంలో పనిచేస్తున్న జపనీస్ అమెరికన్ జార్జ్ నకషిమా పనిని దగ్గరుండి నడపడానికి వచ్చి, చివరికి ఆశ్రమవాసిగానే మారిపోయాడు. అరవిందులు అతనికి సుందరానంద అని పేరు పెట్టారు. 1939లో అతను వెళ్లిపోయాక చెక్ దేశస్థుడు ఫ్రాంతిషెక్ సామర్ పని అందుకున్నాడు. కాంట్రాక్టరు చేతికి ఇచ్చేయకుండా ఆశ్రమవాసులే పనిలో దిగారు. సైటులోనే కమ్మీలు వంచారు, అచ్చులు పోశారు. ఇలా 1937లో మొదలైన పని 1940ల్లోకి సాగింది.

భవనం పొడవు వైపులు ఉత్తరానికి, దక్షిణానికి తిరిగి ఉంటాయి. తూర్పు పడమర ఎండ పడేది చిన్న పక్కల మీదే. ఉత్తరాన వరండా, దక్షిణాన గదులు. గాజు కిటికీ అన్నదే కనిపించదు. పొడవు వైపుల నిండా ఆస్‌బెస్టాస్ సిమెంటు పలకలు అడ్డంగా వరుసలు కట్టి ఉంటాయి. ఇత్తడి మీట తిప్పితే వరుస మొత్తం తెరుచుకుంటుంది, వానొస్తే మూసేయవచ్చు. గదికీ వరండాకూ మధ్య టేకు బద్దల తలుపు జపాన్ పద్ధతిలో పక్కకు జరుగుతుంది. తలుపు వేసి ఉన్నా బద్దల సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. స్లాబు మీద కొంత ఎడం వదిలి, వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరిచారు. ఎండ వేడి ఆ పెంకుల దగ్గరే ఆగి, మధ్య సందులోని గాలితో పోతుంది. కింద గచ్చు నునుపు చేసిన కడప నల్లబండ. భక్తులు ఇచ్చిన పాత ఇత్తడి గిన్నెలు, చెంబులు కరిగించి గొళ్లేలు, కీళ్లు పోశారు.

లె కార్బూజియె చండీగఢ్‌కు ఇంచుమించు పదేళ్ల ముందే మన దేశంలో ఇలాంటి కట్టడం ఉందన్న సంగతి వాస్తుశిల్ప పాఠాల్లో సైతం చాలాకాలం సరిగా చెప్పలేదు. ఎండకు, ఉక్కకు తగ్గట్టు కాంక్రీటుతో ఎలా కట్టాలో అది చెప్పినంత తేటగా తర్వాతి పెద్ద కట్టడాలు చాలా చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ వాస్తుశిల్పంలో పగ్గాలు కెంజో టాంగె చేతికి వచ్చాయి. అణుబాంబు పడిన హిరోషిమాలో శాంతి స్మారకానికి జరిగిన పోటీలో ఆయన 1949లో గెలిచాడు. అక్కడి మ్యూజియం 1955లో పూర్తయింది. నేల నుంచి స్తంభాల మీద లేచిన ఆ పొడవాటి కాంక్రీటు పెట్టెలో పాత కర్ర భవనాల కొలతలు, నిష్పత్తులు స్పష్టంగా కనిపిస్తాయి. 1964 ఒలింపిక్స్ కోసం యొయొగిలో కట్టిన క్రీడాభవనం పైకప్పును ఉక్కు తాళ్లతో వేలాడదీశాడు. ఇంజినీరు యొషికత్సు త్సుబోయి లేకుండా అది నిలిచేది కాదు.

1960లో టోక్యోలో జరిగిన ప్రపంచ డిజైన్ సదస్సులో కొందరు యువకులు మెటబాలిజం పేరుతో ఒక ప్రకటన విడుదల చేశారు. నగరం ప్రాణిలాగా పెరగాలి, పాత కణాలు రాలి కొత్తవి రావాలి అన్నది వారి వాదం. కియోనోరి కికుతకె, కిషో కురొకవ, ఫుమిహికో మకి అందులో ముఖ్యులు. కురొకవ 1972లో టోక్యోలో నకగిన్ టవర్ కట్టాడు. రెండు కాంక్రీటు స్తంభాలకు 140 చిన్న గదులను బోల్టులతో బిగించి, పాతికేళ్లకోసారి ఒక్కొక్కటి విప్పి కొత్తది పెట్టాలన్నాడు. ఒక్క గదినీ మార్చలేదు. కింది గదిని తీయాలంటే పైవాటిని కదిలించాల్సిన పరిస్థితి, యజమానులు అనేకులు, ఖర్చు ఎక్కువ. నీళ్లు కారి, తుప్పు పట్టి, చివరికి 2022లో టవర్‌ను విప్పేశారు. సిద్ధాంతం ఎంత గొప్పదైనా ప్లంబింగ్ దగ్గర ఓడిపోయింది.

మకి దారి వేరు. ఆయన గ్రీసు, పశ్చిమాసియా, భారత్ తిరిగి చూసిన ఊళ్లలో చిన్న చిన్న ఇళ్లు ఒకదాని పక్కన ఒకటి చేరి ఊరుగా ఎదగడాన్ని గమనించాడు. టోక్యోలోని హిల్‌సైడ్ టెర్రస్‌ను 1969 నుంచి 1992 దాకా విడతలు విడతలుగా కట్టాడు. ఎక్కడా తొందర లేదు, ఒక్క భవనమూ పక్కదాన్ని మింగేయదు. 1993లో ఆయనకు వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

ఆ మకి పేరు ఆంధ్రప్రదేశ్ పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది 2016లో. అమరావతి ప్రభుత్వ సముదాయం కోసం జరిగిన పోటీలో మూడు సంస్థలు నిలిచాయి: మకి సంస్థ, లండన్‌కు చెందిన రిచర్డ్ రోజర్స్ సంస్థ, అహ్మదాబాద్‌లోని బాలకృష్ణ దోషి సంస్థ. క్రిస్టఫర్ బెనింగర్ అధ్యక్షతన న్యాయనిర్ణేతలు మకిని ఎంపిక చేశారు. నమూనాలు బయటికి రాగానే అసెంబ్లీ, హైకోర్టు భవనాలు విద్యుత్ కేంద్రాల గొట్టాల్లా ఉన్నాయన్న విమర్శ మొదలైంది. ఏడాది తిరక్కుండానే మకి సంస్థను పక్కన పెట్టి, బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థను తీసుకున్నారు. ఎంపికలో పారదర్శకత లేదంటూ మకి భారత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు లేఖ రాశాడు. 2017లో ఫోస్టర్ నమూనాల మీద సినీ దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. హిల్‌సైడ్ టెర్రస్‌కు రెండు దశాబ్దాలు తీసుకున్న మనిషికి నెలల్లో రాజధాని రూపం అడిగితే ఇంతకంటే వేరుగా జరిగేది కాదేమో. మకి 2024 జూన్‌లో కన్నుమూశాడు.

మకి తర్వాతి తరంలో తడావో ఆండో కళాశాల చదువు లేకుండా, కొన్నాళ్లు బాక్సింగ్ చేసి, పుస్తకాలు చూసి నేర్చుకున్నవాడు. ఒసాకాలో 1976లో ఆయన కట్టిన చిన్న కాంక్రీటు ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే కప్పులేని ముంగిలి దాటాలి, వానాకాలం గొడుగు పట్టాలి. షిగెరు బాన్ కాగితపు గొట్టాలతో ఇళ్లు కట్టాడు. 1995 కోబె భూకంప బాధితుల కోసం కట్టిన ఆ తరహా ఇళ్లనే 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్‌లోనూ నిలిపాడు. అక్కడ కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదికి వాడాడు. 2024 నాటికి ప్రిట్జ్‌కర్ అందుకున్న జపనీయులు తొమ్మిది మంది.

తెలంగాణలో జపాన్ పనితనం చూడదలచినవారికి దగ్గరి చోటు కంది గ్రామం. పెద్దకొడప్‌గల్ నుంచి సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలోనే అక్కడి ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం వస్తుంది. 2008లో మొదలైన ఈ సంస్థకు జపాన్ ప్రభుత్వ రుణం అందింది. ప్రాంగణంలో కొన్ని భవనాల రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు పాలుపంచుకున్నారు.