జఠరము చిన్నదైన పిమ్మట ఆకలి

ఆకలి ఎరుగని మనిషి లేడు. మధ్యాహ్నపు గంట ఎప్పుడు మ్రోగునా అని ఎదురుచూడని విద్యార్థియు ఉండడు. అయినను “ఆకలి ఎక్కడ పుట్టును?” అని అడిగినచో చాలమంది కడుపుమీద చేయి వేసి చూపుదురు. కడుపు ఖాళీ యైన ఆకలి, నిండిన తృప్తి. ఇంతకంటె చెప్పవలసిన దేమున్నదని మనకు తోచును. ఇదియే నిజమైనచో, జఠరములో ఎక్కువ భాగమును కోసి తీసివేసిన మనిషికి నాలుగు చెంచాల మజ్జిగతో ఆకలి పూర్తిగా తీరిపోవలెను. తీరుచున్నదా? అతిస్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారి అనుభవము ఈ విషయమున మనకు మంచి పాఠము చెప్పుచున్నది.

శస్త్రచికిత్సలో జరుగున దేమి?

పెద్దవారి జఠరము సుమారు ఒక లీటరు మొదలు ఒకటిన్నర లీటరు వరకు పట్టగల, సాగు స్వభావము గల సంచి. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు జఠరపు పైభాగమును చిన్న సంచిగా వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుతో కలిపెను. ఈ పద్ధతికి గాస్ట్రిక్ బైపాస్ అని పేరు. నేడు చేయు బైపాసులో ఆ సంచి సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా రెండు పెద్ద చెంచాల నీరు మాత్రమే పట్టును. రెండవ పద్ధతి స్లీవ్ శస్త్రచికిత్స. ఇందులో జఠరమును నిడుపుగా కోసి, నాలుగింట మూడు పాళ్ళు గాని అంతకంటె కొంచెము ఎక్కువ గాని తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. కోసిన అంచులను చిన్న లోహపు పిన్నుల వరుసతో మూయుదురు. ఆ వరుస పొడుగునా కణజాలము అతుకుకొని గట్టిపడుటకు కొన్ని వారములు పట్టును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. ఆహార నియమములలో పెక్కింటికి ఇదియే కారణము.

ఆకలి పుట్టు చోటు

1912లో హార్వర్డులో వాల్టర్ కానన్, అతని శిష్యుడు వాష్‌బర్న్ ఒక విచిత్రమైన ప్రయోగము చేసిరి. వాష్‌బర్న్ గొట్టము తగిలించిన రబ్బరు బుడగను మ్రింగి, దానిని జఠరములో గాలితో ఉబ్బింపజేసికొనెను. జఠరము ముడుచుకొన్నప్పుడెల్ల బుడగ నొక్కుకొనిపోయి, ఒక పరికరముపై గీత పడుచుండెను. అతనికి ఆకలి పోటు తోచినప్పుడెల్ల మీట నొక్కుచుండెను. రెండును కలిసి వచ్చెను. కావున జఠరపు ముడుపులే ఆకలి యని అప్పుడు తలచిరి.

కాని 1931లో వాంగెన్‌స్టీన్, కార్ల్‌సన్ అను వారు జఠరమును పూర్తిగా తీసివేసిన రోగికి సైతము ఆకలి వేయుచున్నదని ప్రకటించిరి. జఠరమే లేనప్పుడు ముడుచుకొనున దేమి? 1951లో మన దేశీయుడైన బాలకృష్ణ ఆనంద్, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున బ్రోబెక్‌తో కలిసి, ఎలుకల మెదడులో హైపోథలామస్ అను భాగమున ప్రక్కనున్న ఒక చిన్న చోటును నాశనము చేసి చూచెను. ఆ ఎలుకలు ఎదుట ఆహార మున్నను ముట్టకుండెను. ఆనంద్ తరువాత ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో శరీరధర్మశాస్త్రాచార్యుడుగా పనిచేసెను. దీనినిబట్టి ఆకలిని నడపునది మెదడనియు, జఠరము దానికి వార్త పంపువారిలో ఒకటి మాత్రమే యనియు తేలినది.

ఆ వార్తాహరులలో ముఖ్యమైనదానిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా మొదలగువారు కనుగొనిరి. దాని పేరు గ్రెలిన్. ఇది జఠరపు పైభాగమున ఎక్కువగా తయారగు హార్మోను. భోజనవేళకు ముందు రక్తములో పెరిగి, భోజనానంతరము తగ్గును. స్లీవ్ శస్త్రచికిత్సలో తీసివేయునది ముఖ్యముగా ఈ పైభాగమే. కావున గ్రెలిన్ తగ్గిపోవును. పైగా ఈ శస్త్రచికిత్సల తరువాత ఆహారము చిన్నప్రేగులోనికి త్వరగా చేరుటచే, అచ్చట పుట్టి “ఇక చాలు” అని మెదడునకు తెలుపు జి.ఎల్.పి.-1, పి.వై.వై. అను హార్మోనులు హెచ్చును. ఇందువలన పెక్కుమందికి మొదటి నెలలలో ఆకలి చాలవరకు తగ్గును. శస్త్రచికిత్స సంచిని చిన్నది చేయుటతో ఆగక, మెదడునకు పోవు వార్తలనే మార్చుచున్న దన్నమాట.

అయినను ఆకలి ఏల?

అట్లయినచో కొందరు నాలుగవనాడో పదవనాడో “నాకు ఆకలి వేయుచున్నది, శస్త్రచికిత్స విఫలమైనదేమో” అని ఏల భయపడుదురు? వారు ఆకలి యని చెప్పునది ఒకే బాధ కాదు. అందులో నాలుగైదు విధములు కలిసియుండును.

మొదటిది దాహము. ఒక్కసారిగా గ్లాసెడు నీరు త్రాగుట సాధ్యము కానందున ఒంటికి నీరు చాలదు. ఆ లోటు నీరసముగాను, కడుపులో వెలితిగాను తోచి ఆకలివలె భ్రమింపజేయును.

రెండవది ఆమ్లము. జఠరములో ఊరు ఆమ్లము మంటను, కొరుకుచున్నట్లు బాధను కలిగించును. దీనికి అన్నము మందు కాదు; వైద్యుడిచ్చిన ఆమ్లము తగ్గించు మాత్రయే మందు.

మూడవది అలవాటు. గంట మ్రోగగానే నోరూరుటను పావ్లోవ్ కుక్కలలో చూపెను; మనము వానికి భిన్నులము కాము. ముప్పది యేండ్లుగా ఎనిమిది గంటలకు ఇడ్లీ తినినవానికి, వంటింటిలో పోపు వాసన రాగానే మెదడు సిద్ధమగును. కడుపున చోటు లేకున్నను నోటికి ఆశ యుండును.

నాలుగవది చక్కెర. తీపి పానీయములు జఠరమున నిలువక ప్రేగులోనికి జారి రక్తములో చక్కెరను తటాలున పెంచును. దానిని అణచుటకు ఇన్సులిన్ అధికముగా ఊరి, ఒకటి మొదలు మూడు గంటలలో చక్కెర మరీ తగ్గిపోవును. అప్పుడు చెమట, వణకు, గొప్ప ఆకలి కలుగును. బైపాస్ జరిగినవారిలో ఇది తరచుగా కనబడును.

ఐదవది నిజమైన ఆకలి. జఠరమున మిగిలిన భాగమును, చిన్నప్రేగును కొంత గ్రెలినును తయారుచేయుచునే యుండును. అంతేకాక, 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొనిన లెప్టిన్ అను హార్మోను క్రొవ్వునుండి పుట్టును. క్రొవ్వు తగ్గిన కొలది లెప్టిన్ తగ్గును. “నిల్వలు తరిగిపోవుచున్నవి” అని మెదడు గ్రహించి ఆకలిని పెంచును. నెలలు గడచిన పిమ్మట ఆకలి కొంత తిరిగివచ్చుట ఇందువలననే. ఇది శరీరధర్మమే గాని మనోదౌర్బల్యము కాదు.

గుర్తించుట, ఓర్చుకొనుట

ఈ విధములను వేరుచేయుటకు సులభమైన పరీక్ష యున్నది. ముందుగా నీటిని గుక్కలు గుక్కలుగా త్రాగి పది పదిహేను నిమిషములు ఆగవలెను. బాధ పోయినచో అది దాహము. ఏ ఆహారమైనను సరే యనిపించిన ఆకలి నిజమైనది. పకోడీ మాత్రమే కావలెనన్నది నోటి ఆశ. నెమ్మదిగా పెరుగునది నిజమైనది. వాసన తగిలినంతనే పుట్టునది అలవాటు. అలవాటైనచో వంటింటి ప్రక్కనుండి లేచి నాలుగడుగులు నడచి రావలెను. నిజమైనచో తినవలసినదే, అయితే ఏ వారమునకు తగినది ఆ వారమున తినవలెను.

సామాన్యముగా మొదటి ఒకటి రెండు దినములు నీరు, వడకట్టిన పలుచని చారు వంటివి మాత్రమే ఇత్తురు. పిమ్మట రెండు వారముల వరకు మజ్జిగ, వెన్న తీసిన పాలు, పప్పుకట్టు; మూడవ, నాలుగవ వారములలో మెత్తగా మెదిపిన పప్పు, పెరుగు, గుడ్డు; ఆపైన మెత్తని ఆహారము. ఆరు మొదలు ఎనిమిది వారములకు మామూలు ఆహారము, కొద్ది కొద్దిగా. ఎవరికి వారి వైద్యుడు చెప్పిన క్రమమే ప్రమాణము. దినమునకు 60 మొదలు 80 గ్రాముల మాంసకృత్తులు అందవలెను. ఇవి ఆకలిని ఎక్కువసేపు ఆపును. కండరము కరగిపోకుండ కాపాడును. కావున మామూలు ఆహారమునకు వచ్చిన తరువాత కూడ అన్నముకంటె ముందు పప్పు, పెరుగు, గుడ్డు, చేప తినవలెను. భోజనముతో నీరు త్రాగరాదు; తిన్న అరగంటకు త్రాగవలెను. తృప్తి వార్త మెదడునకు చేరుటకు ఇరువది నిమిషములు పట్టును గనుక నెమ్మదిగా నమలవలెను.

ఆకలి కోర్వలేక మొదటి వారములలోనే గట్టి ఆహారము తినినచో, అతుకుకొనని అంచులపై ఒత్తిడి పడును, వాంతులు కలుగును. ఎప్పుడైనను ఆ వరుస వదలి జఠరములోని పదార్థము కడుపులోనికి కారినచో ప్రాణాపాయము. జ్వరము, విడువని కడుపునొప్పి, ఎడమ భుజమున నొప్పి, విశ్రాంతిలో గూడ వేగముగా కొట్టుకొను నాడి కనబడిన తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.

దీనికి మారుగా ఆకలియే లేదని సంతోషించి తినుట మానుటయు అపాయమే. ఆకలి వేయకున్నను గడియారము చూచి తినవలెను. విటమిను మాత్రలు మానరాదు. రోజుల తరబడి వాంతులైనచో బి-1 విటమిను లోపించి మెదడు దెబ్బతినును. మధుమేహపు మందుల మోతాదును వైద్యుడు ముందుగానే తగ్గించవలసి యుండును.

ఇంటివారి పాత్ర

మన ఇండ్లలో “ఇంకొక్క ముద్ద” అని వడ్డించుట ప్రేమకు గుర్తు. కాని ఇట్టి రోగి ఎదుట ఆ ముద్దయే హాని చేయును. “ఇంత ఖర్చుపెట్టి కోయించుకొని కూడ నోరు కట్టుకొనలేవా?” అను మాట అంతకంటె ఎక్కువ హాని చేయును, ఎందుకనగా అతడు పోరాడునది నోటితో కాదు, శరీరము తన నిల్వలను కాపాడుకొనుటకై పంపు వార్తలతో. విద్యార్థులలో కొందరి తల్లిగాని తండ్రిగాని ఇట్టి చికిత్స చేయించుకొని యుండవచ్చును. అట్టివారు ఇంట చేయదగిన సాయము చిన్నది: భోజనవేళ వారిని వంటింటికి దూరముగా కూర్చుండబెట్టుట, అరగంట కొకసారి నీటి గ్లాసు చేతి కిచ్చుట, చిన్న గిన్నెలో వారు ఎంత తినినను, ఎంత విడిచినను వ్యాఖ్యానింపక యుండుట.