నవ్వుల వెనక ఓ పసివాడు

హంతకుడెవరో చెప్పనులెండి, భయపడకండి! 2022లో వచ్చిన ‘సీ హౌ దే రన్’ అనే ఆంగ్ల చిత్రం సంగతి. 1953 నాటి లండన్‌లో, అగాథా క్రిస్టీ ‘మౌస్‌ట్రాప్’ నాటకం 100వ ప్రదర్శన వేడుకనాడు, దాన్ని సినిమా తీయబోయిన దర్శకుడు నాటకశాలలోనే హతుడవుతాడు. తాగుబోతు ఇన్‌స్పెక్టరూ, ఎవరేమన్నా నోటుబుక్కులోకి ఎక్కించే కొత్త కానిస్టేబులమ్మా సాగించే దర్యాప్తు చూసి కడుపుబ్బ నవ్వాను.

ఐతే, ఆ నాటకానికి మూలం నవ్వులాట కాదు. 1945లో పెంపుడింటివారి హింసకు నిజంగా బలైన 12 ఏళ్ళ డెన్నిస్ ఓనీల్ ఉదంతం. చిత్రం ఆ పసివాణ్ణి మరిచిపోలేదు. ఒకరి ఏడుపు మరొకరికి వినోదమా అని మనల్ని నిలదీస్తుంది.

హాస్యానికి కరుణ విరోధి అని ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పినవాణ్ణి. మర్నాడు అదే పాఠం చెబుతూ ఒక్క క్షణం తడబడ్డాను.