గ్రాముల మందు.. గనుల పంట

నీటికన్నా ఏడు రెట్లకు పైగా బరువుండే సీసపు ఖనిజం నురుగుతోపాటు పైకి తేలుతుంది. దానికన్నా ఎంతో తేలికైన రాతిపొడి అడుగుకు చేరుతుంది. టన్ను పొడికి పదుల గ్రాముల్లో కలిపే రసాయనాలే ఈ పని చేస్తాయి. రాగి, సీసం, జింకుల్లో అధిక భాగం నేడు ఈ దారిలోనే మనకు అందుతోంది.

దిబ్బల్లో దొరికిన జింకు

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో 1883లో వెండి, సీసం నిక్షేపం బయటపడింది. బరువైన సీసాన్ని నీళ్లలో జాడించి వేరుచేసేవారు. జింకు దగ్గర ఆ పద్ధతి పారలేదు. దాని ఖనిజం స్ఫాలరైట్, చుట్టూ ఉన్న గార్నెట్, రోడోనైట్ రాళ్లు ఇంచుమించు ఒకే బరువు. ఫలితంగా ఎంతో జింకు వ్యర్థాల దిబ్బల పాలైంది.

20వ శతాబ్దం ఆరంభంలో పాటర్, డెల్‌ప్రాట్ అనేవారు ఆ దిబ్బల్లోని పొడిని వేడి ఆమ్ల ద్రావణాల్లో వేసి, పుట్టిన బుడగలతో జింకును తేల్చారు. 1905లో మినరల్స్ సెపరేషన్ సంస్థ గాలిబుడగలకు కొద్దిపాటి నూనె జోడించింది. బ్రోకెన్ హిల్‌లో నురుగు కోసం నీలగిరి తైలాన్నీ వాడారు.

ఎవరి పని వారిదే

ఇప్పుడు ముఖ్యమైన మందు జాంథేట్. డెన్మార్క్ రసాయనవేత్త జైసె 1822లో తయారుచేసిన పదార్థమిది. గనుల్లో వాడేందుకు కెల్లర్ అనే వ్యక్తి పేటెంట్ పొందింది మాత్రం 1925లో. దీని అణువు ఒక కొసతో ఖనిజాన్ని పట్టుకుంటుంది. రెండో కొసకు నీరు గిట్టదు. తామరాకులా తడి అంటని ఆ రేణువు గాలిబుడగకు అతుక్కుని పైకొస్తుంది. బుడగ త్వరగా పగలకుండా పైన్ ఆయిల్ వంటివి కాపాడతాయి.

సీసం, జింకు కలిసి ఉన్నచోట అసలు నేర్పు కనిపిస్తుంది. ముందుగా జింకు సల్ఫేట్, సైనైడ్ వేసి జింకును తేలకుండా అణచి, సీసాన్ని తీసుకుంటారు. షెరిడన్, గ్రిస్వోల్డ్ అనేవారు 1922లో చూపిన మార్గమిది. తర్వాత మైలుతుత్తం కలుపుతారు. అందులోని రాగి జింకు రేణువుపై పలుచని పొరగా చేరుతుంది. ఆ పొరను జాంథేట్ ఇట్టే పట్టుకుంటుంది. ఇనుప పైరైట్ వెంటరాకుండా సున్నం ఆపుతుంది. అంతవరకూ అణిగి ఉన్న జింకు ఇప్పుడు తేలుతుంది.

విశాఖలో 1977లో మొదలైన జింకు స్మెల్టర్‌కు రాజస్థాన్ గనుల నుంచి చేరిన సరుకూ ఇలా నురుగులోంచి తీసిందే.

నురుగు దిగాక

ఇవి జాగ్రత్తగా వాడాల్సిన మందులు. తేమ తగిలితే జాంథేట్ నుంచి మండే గుణమున్న, విషపూరితమైన కార్బన్ డైసల్ఫైడ్ వెలువడుతుంది. ఆమ్లం తగిలితే సైనైడ్ ప్రాణాంతక వాయువవుతుంది. అందుకే నురుగు తేల్చే తొట్టెల్లో క్షారత తగ్గకుండా చూస్తారు.

ఖనిజం తీయగా మిగిలిన బురద అంతకన్నా పెద్ద బరువు. 1985 జులై 19న ఇటలీలోని స్తావా లోయలో ఫ్లోరైట్ గని బురద చెరువుల కట్టలు తెగి 268 మంది ప్రాణాలు కోల్పోయారు.

మందును గ్రాముల్లో లెక్కగట్టగల పరిశ్రమకు బురదనూ, నీటినీ అంతే కచ్చితంగా లెక్కగట్టడం అసాధ్యం కాదు. ఏ రసాయనం ఎంత వాడుతున్నారో, చెరువు కట్ట ఎలా ఉందో, ఊటనీటి పరీక్షల్లో ఏం తేలిందో చుట్టుపక్కల ఊళ్ల గ్రామసభల ముందు ప్రతి గనీ క్రమం తప్పకుండా ఉంచాలి.