వెనక నుంచి ముందుకొచ్చిన పోర్టు

కంప్యూటర్లను నెట్‌వర్క్‌గా కలిపే స్విచ్‌లలో, 1990లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఈథర్‌స్విచ్‌కి ఉన్నవి ఏడే పోర్టులు. తయారుచేసిన కంపెనీ పేరు కల్పన. స్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరే దానికి పెట్టారు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. బల్లబల్లకీ కంప్యూటర్ చేరాక ఏడు పోర్టులు ఏ మూలకీ రాలేదు. 48 పోర్టుల స్విచ్‌లొచ్చినా పెద్ద ఆఫీసుల్లో అంతస్తుకి నాలుగైదు కావాల్సొచ్చింది.

మామూలు పోర్టుల మధ్య కేబుల్ లాగి స్విచ్‌లను కలపొచ్చు. కానీ అప్పుడు దేని ఐపీ అడ్రస్ దానిదే, దేని సెట్టింగులు దానివే. కొత్తగా ఒక వీలాన్ (నెట్‌వర్క్‌లో విడిగా చేసిన భాగం) పెట్టాలంటే ప్రతిదాంట్లోకీ లాగిన్ అవ్వాలి. జాగ్రత్తకని రెండో కేబుల్ వేస్తే, ప్యాకెట్లు గిరగిరా తిరిగి నెట్‌వర్క్ కూలకుండా స్పానింగ్ ట్రీ అనే రక్షణ పద్ధతి ఆ దారిని మూసేస్తుంది. డబ్బు పోసి వేసిన లైను ఊరికే పడుంటుంది.

2003లో వచ్చిన సిస్కో క్యాటలిస్ట్ 3750కి వెనకవైపు స్టాకింగ్ కోసమే, అంటే స్విచ్‌లను ఒకే జట్టుగా కలపడానికే, రెండు పోర్టులుండేవి. తొమ్మిది దాకా స్విచ్‌లను వలయంగా కలిపితే అన్నీ ఒక్క స్విచ్‌లా పనిచేస్తాయి. ఒకటి మాస్టర్, అది పోతే ఇంకొకటి ఆ పని అందుకుంటుంది. డేటా రెండు దిక్కులా తిరుగుతుంది, మొత్తం సెకనుకి 32 గిగాబిట్లు. ఒక కేబుల్ ఊడితే వేగం సగమవుతుంది గానీ స్టాక్ చెదరదు.

వాటి కేబుళ్లు అర మీటరు, మీటరు, 3 మీటర్లు, అంతే. ర్యాక్‌లో అన్నిటికంటే పైనున్న స్విచ్‌ని అడుగుదానితో కలపాలంటే పొడుగు కేబుల్ కావాలి. దానికో ఉపాయముంది: ఒకటి విడిచి ఒకటి కలుపుతూ కిందికెళ్లి, విడిచినవాటిని కలుపుతూ పైకి రావడం. అర మీటరు ముక్కలతోనే వలయం పూర్తవుతుంది.

కానీ పై అంతస్తులో ఉన్న స్విచ్ సంగతేమిటి? 2008లో వచ్చిన జునిపర్ ఈఎక్స్4200కి వెనక స్టాకింగ్ పోర్టులున్నాయి. అవి కాక, మిగతా నెట్‌వర్క్‌కి కలిపేందుకు ముందున్న అప్‌లింక్ పోర్టుని ఒక కమాండ్‌తో స్టాకింగ్‌కి మళ్లించి ఫైబర్ మీద దూరాన ఉన్న స్విచ్‌నీ కలుపుకోవచ్చు. తర్వాత అరూబా 2930ఎఫ్ లాంటివి ముందు పోర్టులతోనే స్టాక్ కట్టాయి. దాని తోబుట్టువు 2930ఎమ్‌కి మాత్రం వెనక వేరే మాడ్యూల్ బిగించాలి.

ముందు పోర్టుకి ఖరీదుంది. 48 గిగాబిట్ పోర్టులు, నాలుగు 10 గిగాబిట్ అప్‌లింకులు ఉన్న స్విచ్‌లో వలయానికి రెండిస్తే బయటికి రెండే మిగులుతాయి. 48 మందీ ఒకేసారి పక్క స్విచ్‌తో మాట్లాడితే, ఇటూ అటూ కలిపి 20 గిగాబిట్ల దారి చాలదు. ఆఫీసు బల్లల దగ్గర అలాంటి రద్దీ అరుదు. పక్కపక్కనే సర్వర్లున్న ర్యాక్‌లో రోజూ ఉంటుంది. అక్కడ వెనక పోర్టులే మేలు.

అసలు ప్రమాదం వలయం రెండు చోట్ల తెగినప్పుడు. స్టాక్ రెండు ముక్కలై, రెండో ముక్క కూడా మాస్టర్‌ని ఎన్నుకుంటుంది. ఐపీ అడ్రస్ మాత్రం రెంటికీ ఒకటే. ఒకే ఒరలో రెండు కత్తులు. అందుకే కొన్ని స్టాకుల్లో ఈ చీలికను పసిగట్టడానికి విడిగా ఇంకో లింకు వేస్తారు. చీలిక తెలియగానే ఒక ముక్క తన పోర్టులు మూసుకుంటుంది.

అంతస్తుల మధ్య రెండు ఫైబర్లనీ ఒకే పైపులో దూర్చితే, గోడకి వేసిన ఒక్క డ్రిల్ రెంటినీ తెంపేస్తుంది. అందుకే పోర్టు వేగం చూసేముందు, రెండో కేబుల్ ఏ దారిన పోతుందో చూసుకోవాలి.